చెల్లెకు చక్రాల ఇల్లు

ఆస్ట్రేలియా పోయి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా షెడ్డుకు వచ్చే రైతులు పని మాట మరిచిపోయి కంగారూ గురించే అడుగుతున్నారు. అందుకని ముందే చెప్పేస్తాను. కంగారూను చూశాను. మన మేకకున్నపాటి బుద్ధి కూడా దానికి లేదు. అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దూకుతుంది. కంగారూ సంగతి ఇంతే. ఇక నేను పోయిన పని చెబుతాను.

నా పేరు సారయ్య. వరంగల్‌లో ట్రాక్టర్ ట్రాలీలు తయారు చేస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. తొర్రూరు నుంచి పత్తి వేసుకుని మార్కెట్‌కు వచ్చే ట్రాలీల్లో చాలావాటికి వెల్డింగ్ పట్టింది ఈ చేతులే. నా చెల్లెలు రజిత అడిలైడ్‌లో నర్సు. బావ రవీందర్ అక్కడే లారీ నడుపుతాడు. ఇద్దరూ ఆరు నెలలు సెలవు పెట్టి ఆ దేశమంతా తిరుగుదామనుకున్నారు. దానికి కారవాన్ కావాలి. కారవాన్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, కారు వెనక కట్టి లాక్కుపోయే ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, ఆఖరికి పాయఖానా కూడా అందులోనే.

ఒకరోజు చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, గీడ ఊర్లు దాటితె అంత మట్టి రోడ్డే. కారవాన్లు అమ్మెటోళ్లు అందరు మాదే గట్టిదంటాండ్రు. నాకేం సమజయితలేదు. నువ్వచ్చి కింద దూరి చూడు. నువ్వు బాగున్నదంటెనే కొంట."

రజిత రవీందర్‌ను ఇష్టపడి చేసుకుంది. కులం వేరు, మా నాయన ఒప్పుకోలేదు. పెళ్లి హనుమకొండలో, రిజిస్టర్ ఆఫీసులో జరిగింది. మా ఇంటి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. నేను పోలేదు. ఆ రోజంతా షెడ్డులో ఒక ట్రాలీకి వెనక డోరు బిగిస్తూ కూర్చున్నాను. నాయన పోయాక మాటలు కలిశాయి గానీ, పుట్టింటి తరఫున ఆమెకు ఒక్కసారి కూడా ఒడిబియ్యం పోయలేదు. ఆడబిడ్డను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి సాగనంపడం మా దగ్గర పెద్ద మర్యాద. అది జరగని ఆడపిల్లకు పుట్టిల్లు లేనట్టే లెక్క.

"ఇరువై నిమిషాలు పోలేకపోతివి. ఇప్పుడు ఇరువై గంటలు పోదువు గని, పా" అని మా ఆవిడ సుగుణ నా మొహం మీదే అంది. తనూ బయలుదేరింది. చెల్లెకు ఇల్లు సరిగ్గా చూసిపెట్టాలి, ఆ ఒడిబియ్యం పోసి రావాలి. మేము పోయిన పని అది.

విమానాశ్రయంలో ఐదు సేర్లు

సుగుణ ఐదు సేర్ల బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించి మూట కట్టింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, చీర, బావకు బట్టలు వేరే. పైన సకినాల డబ్బా. నా సంచిలో సుత్తె, టార్చి, పానాలు. మా ఇద్దరి సామాను చూస్తే తీర్థానికి పోతున్నామో బండి బాగు చేయడానికి పోతున్నామో దేవుడికే తెలియాలి.

అడిలైడ్‌లో దిగగానే తిండి సామాను ఉందని విమానంలో ఇచ్చిన కార్డు మీద టిక్కు పెట్టాను. నిజాయితీతో కాదు, దాచిపెడితే జుర్మానా పడుతుందని విమానంలో పక్క సీటాయన భయపెట్టాడు. చేతులకు గ్లౌజులు వేసుకున్న తనిఖీ అమ్మాయి ఒకతె మూట విప్పి పచ్చటి బియ్యం చూసి ఇవేమిటని అడిగింది. చెల్లె కోసం అని చెప్పాను. మీ చెల్లెకు ఇక్కడ బియ్యం దొరకవా అంది. దొరుకుతాయి గానీ అవి ఒడిబియ్యం కావమ్మా అని చెప్పేంత ఇంగ్లిష్ నా దగ్గర లేదు. సుగుణ ముందుకొచ్చి, కొంగు పట్టి, అందులో పోసినట్టు చేతులతో చూపించింది. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా చూసింది, బయటి గింజలు ఈ దేశంలోకి రానివ్వరని చాలా మర్యాదగా సారీ చెప్పింది, మూటను చెత్తడబ్బాలో వేసింది. కుడుకలు, కొమ్ములు కూడా దాని వెంటే పోయాయి. సకినాలు మాత్రం తిరిగిచ్చింది.

"ఇగ ఏం మొఖం పెట్టుకోని పోదం?" అంది సుగుణ. కళ్లలో నీళ్లు.

"రజితకు చెప్పకు" అన్నాను. అంతకంటే తెలివైన మాట నాకు తోచలేదు.

మట్టి బొమ్మ వేసుకున్న బండి

మర్నాడు పొద్దున్నే కారవాన్లు అమ్మే చోటికి పోయాం. తెల్లటి ఇళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అమ్మే మనిషి పేరు గ్లెన్. నా వయసువాడే, మోకాళ్ల పైకి నిక్కరు. మమ్మల్ని లోపలికి తీసుకుపోయి సోఫా చూపించాడు, టీవీ చూపించాడు, రంగులు మారే లైట్లు చూపించాడు. బయట బండి పక్కలకు చక్రాల దగ్గర బురద చిమ్మినట్టు స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. మట్టి అంటకముందే మట్టి బొమ్మ వేసుకున్న బండిని నేను మొదటిసారి చూశాను.

గ్లెన్ ఫ్రిజ్ గురించి చెబుతుండగానే నేను పేపరు పరుచుకుని బండి కిందికి దూరాను. మా దగ్గర పాత ట్రాలీ కొనాలంటే ముందు చేసే పని అదే. టార్చి వేసి, వెల్డింగ్ ఉన్నచోటల్లా సుత్తెతో కొట్టి వినాలి. మంచి వెల్డింగ్ ఖంగుమంటుంది, పగులున్నది బొక్కెన లాగ మోగుతుంది. నాలుగు దెబ్బలు పడేసరికి గ్లెన్ పరుగెత్తుకొచ్చి కింద వంగి చూశాడు. ఇంతవరకు ఎవరూ ఇలా చేయలేదంటున్నాడని బావ చెప్పాడు. కాళ్లు మాత్రమే బయట పెట్టి నేను చెబుతూ పోయాను. నీళ్ల ట్యాంకు కింద రేకు లేదు, ఒక్క రాయి తగిలితే గల్లంతు. పైపులు ఇరుసు కన్నా కిందికి వేలాడుతున్నాయి. ఛాసిస్ పలచన.

"చెల్లె, గిది పెండ్లి పందిరి. గిది రోడ్డెక్కెది కాదు" అన్నాను.

లోపల సుగుణ ఫోన్‌లో దిక్కులు చూస్తూ నిలబడింది. "పొయ్యికి పాయఖానకు నడుమ మూడడుగులు లేదు. ఈశాన్యం యాడున్నదో అది ఎటు మలిగితె అటు పోతాంది. గిట్లాంటి ఇంటికి ఏ అయ్యగారు ముహూర్తం పెడ్తడు?" అంది. రజిత పడీపడీ నవ్వింది. చిన్నప్పుడు నవ్వినట్టే, కడుపు పట్టుకుని. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

బయట కాఫీ తాగాం. కప్పు ఐదున్నర డాలర్లు, అంటే మూడు వందలకు పైమాటే. ఆ డబ్బుతో మా దగ్గర మిర్చి బండి చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ తినిపించవచ్చు. పైగా ఆ కాఫీలో చక్కెర మనమే వేసుకోవాలి.

ఆరు పట్టీల ఆనందం

బావ దోస్తు ఒకతను తన పాత కారవాన్ అమ్ముతున్నాడు. నాలుగు రోజులు తిప్పి చూడండి, నచ్చితేనే కొనండి అన్నాడు. కింద దూరగానే నా ప్రాణం లేచి వచ్చింది. అచ్చం మన ట్రాలీకి వేసినట్టు ఇరుసు మీద వంచిన ఉక్కు బద్దలు, కమాన్ పట్టీలు, ఒక్కో పక్కకు ఆరు. ఛాసిస్ నిలువెత్తు బలం. ఎక్కడ కొట్టినా గుడి గంట మోగినట్టు ఖంగుమంది. ఇదీ బండి అంటే అనుకున్నాను.

బరువులు కూడా నేనే సర్దాను. లాగే బండి మీద కారవాన్ ముక్కు బరువు సరిపడా పడాలి, వెనక బరువెక్కితే తోక ఊగి బోల్తా కొడుతుంది. అంతవరకు నేను చేసింది బాగానే ఉంది. ఆ తర్వాత టైర్లలో గాలి కొట్టించాను, గోటితో కొడితే రాయిలా మోగేదాకా.

బావ పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "బావా, మట్టి రోడ్డెక్కంగనే గాలి జర తగ్గియ్యాలె. గీడ అందరు గట్లనే చేత్తరు."

"గాలి తీసి బండి నడుపుడా? టైర్లు కోసుకపోతయ్. నువ్వు డాంబర్ రోడ్డు మీద తోలెటోనివి, నీకెర్కలేదు గని ఊకో" అన్నాను.

అతను ఊరుకున్నాడు. మా ఇంటివాళ్ల ముందు అతను ఎప్పుడూ ఊరుకునేవాడే.

హాకర్ దాకా

ఉత్తరాన హాకర్ అనే ఊరి దాకా ఒక రోజు ప్రయాణం. ఊళ్ల మధ్య దూరాలు చూస్తే మతి పోతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ అంత దూరం పోయినా టీ బండి ఒక్కటి కనిపించదు. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీది నుంచి ఒక వేలు ఎత్తుతాడు. అది పలకరింపట. మనవాళ్లయితే ఆపి, ఏ ఊరు, ఎవరి తాలూకు, పత్తి ఏం ధర అని అడిగి వదిలేవాళ్లు. ఇక్కడ ఒక్క వేలితో సరి. పొదుపరులు.

పెట్రోలు బంకు హోటల్‌లో పై అనే పిండివంట తిన్నాం. లోపల మాంసం, పైన టమాటా సాస్. ఉప్పు, కారం, మసాలా మూడూ మరిచిపోయిన వంటమనిషి చేసినట్టుంది. సుగుణ సంచిలోంచి రజిత పెట్టిన మామిడికాయ తొక్కు సీసా తీసి తలా ఇంత వేసింది. బంకు ఆయన వాసన చూసి తనకూ కాస్త అడిగి తిన్నాడు. వెంటనే రెండు గ్లాసుల నీళ్లు తాగి, మళ్లీ అడిగాడు. మంచి మనిషి. ఈగల గురించి మాత్రం ఏం చెప్పను, మాట్లాడాలంటే నోరు తెరవాలి, తెరిస్తే లోపలికి పోతాయి. సుగుణ ఒక పూట మౌనంగా ఉండడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

రేకుల రోడ్డు

హాకర్ దాటాక ఎర్రమట్టి రోడ్డెక్కాం. మా దగ్గర ఇంటి కప్పుకు వేసే రేకులుంటాయి కదా, వాటిని నేల మీద అడ్డంగా పరిచి, వాటి మీద బండి నడిపితే ఎలా ఉంటుందో ఆ రోడ్డు అలా ఉంది. బండ్లు పోయి పోయి మట్టే అలా అలలు అలలుగా గట్టిపడుతుందట. పళ్లు టకటకలాడాయి. నేను మాత్రం ధీమాగా కూర్చున్నాను. ఆరు పట్టీలు, గట్టి టైర్లు, ఏం భయం?

అరవై కిలోమీటర్లు పోయాక ఎండిన వాగు ఒడ్డున ఆగాం. రజిత కారవాన్ తలుపు తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.

లోపల అల్మరాల తలుపులు ఊడి పడ్డాయి. ఫ్రిజ్ మేకులు పీక్కుని నడిమధ్యకు వచ్చి కూర్చుంది. ప్లేట్లు, గ్లాసులు, కూరగాయలు అన్నీ నేల మీద. తొక్కు సీసా పగిలి పరుపంతా నూనె. అన్నింటి మీదా వేలి మందాన ఎర్ర దుమ్ము. లోహంలో ఒక్క పగులు లేదు, నిజమే. కానీ లోపల ఇల్లు అనేది మిగల్లేదు.

రజిత మెట్టు మీద కూలబడింది. "ఈయన గాలి తియ్యాలె అన్నడా లేదా?"

"అన్నడు గని..."

"నువ్వు వినలే. ఈయన మాట వినుడు మనింట్ల ఎవ్వలకు అలవాటు లేదు గద అన్నా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ గట్టిగా ఏదో ఒకటి అనేవాణ్ని. "నాయన వినలే. నువ్వు వినలే. ఇప్పుడన్న వింటవనుకున్న."

బావ పగిలిన గాజు ముక్కలు ఏరుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు.

డాట్ చేతిలో చిన్న మీటరు

అదే వాగు ఒడ్డున ఇంకో కారవాన్ ఉంది. దాని ముందు కుర్చీలో మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక పెద్దాయన. అతని పేరు కెవిన్. అతని భార్య డాట్, డెబ్బై దాటిన మనిషి, మా గొడవ చూసి గాలి కొలిచే చిన్న మీటరు పట్టుకుని వచ్చింది. వచ్చీరాగానే మా టైరును కాలితో తన్నింది. తల అడ్డంగా ఊపింది. నా వైపు వేలు చూపించి, సగం గాలి తీసేయమంది. టైరు మెత్తగా ఉంటే దెబ్బ టైరే తింటుంది, గట్టిగా ఉంటే దెబ్బంతా ఇంటికి పోతుంది అని చెప్పింది. బావ తెలుగులో చెప్పాడు. ఆ మాటలు అతని నోటి నుంచే వస్తున్నాయని కూడా ఆలోచించకుండా నేను బుద్ధిగా తల ఊపి, కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టాను.

"చూసినవా వదినె? తెల్ల ముసలమ్మ చెప్తె విన్నడు" అంది రజిత.

నా చెయ్యి ఆగిపోయింది. టైరు దగ్గర సుయ్యిమని గాలి పోతూ ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్లినాడు షెడ్డులో కూర్చున్నది గుర్తొచ్చింది. ఆ రోజు కూడా పని చేస్తున్నట్టు నటిస్తూ తల దించుకునే ఉన్నాను.

లేచి బావ దగ్గరికి పోయాను. "బావా, తప్పు నాదే. గాలి సంగతి ఒక్కటే కాదు. పెండ్లికి రానిది కూడ. నాయన మీద పెట్టి నేను తప్పించుకున్న."

అతను చేతిలోని గాజు ముక్కలు చెత్త సంచిలో వేశాడు. "ముందుగాల అల్మరాలు బిగిద్దం పా బావా. మా దోస్తు సంపుతడు" అన్నాడు. అంతే. కానీ పానా ఇస్తూ నవ్వాడు.

ఒకే బండి కింద ఇద్దరం

మర్నాడంతా అల్మరాలు బిగించాం. సుగుణ సకినాలు పట్టుకుపోయి డాట్‌తో స్నేహం చేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా మధ్యాహ్నానికల్లా కెవిన్ మోకాలు దగ్గరి నుంచి నా గురక దాకా అన్నీ మాట్లాడుకున్నారు.

వాళ్ల కారవాన్ రంగు వెలిసిపోయి ఉంది. తొమ్మిదేళ్లు మట్టి రోడ్ల మీదే తిరిగిందట. లోపల ఒక్క గ్లాసు కూడా పగలలేదు. కింద చూడనిస్తారా అని అడిగించాను. ఈసారి ఒక్కణ్నే దూరలేదు, బావను కూడా రమ్మన్నాను. ఇద్దరం వెల్లకిలా పడుకుని టార్చి వేసి, సుత్తెతో కొట్టి చూశాం. కమాన్ పట్టీలు లేవు. ప్రతి చక్రం దానికదే విడిగా ఆడుతుంది, ఒక్కోదానికి చుట్టల స్ప్రింగు, రెండేసి షాక్ అబ్జార్బర్లు. ట్యాంకుకు ఇనుప రేకు. పైపులన్నీ ఛాసిస్ పైకి దాచారు. తలుపుల చుట్టూ దుమ్ము రాకుండా మందపాటి రబ్బరు. అప్పుడు నా బుర్రకు ఎక్కింది. నేను చేసే ట్రాలీ పత్తిని మోస్తుంది, పత్తికి నడుము నొప్పి రాదు. ఇది మనుషుల్ని, గిన్నెల్ని మోయాలి.

బయటికి వచ్చాక రజిత వెనక కిటికీలో ఉన్న కాగితం చదివింది. "అన్నా, గిది అమ్ముతరట."

కెవిన్ మోకాలు ఇక డ్రైవింగ్‌కు పనికిరాదట. అయితే ఇంటి ముందు నిలబెట్టుకునేవాళ్లకు ఇవ్వనని, మట్టిలో తిప్పేవాళ్లకే ఇస్తానని డాట్ చెప్పింది. నన్ను సుత్తెతో కొట్టి వినిపించమంది. కొట్టాను. ఖంగుమంది. ఇంకోసారి కొట్టమంది. కళ్లు తుడుచుకుంది.

చెల్లె నా వైపు చూసింది. నేను చెబితేనే కొంటానంది కదా.

"బావా, నువ్వు చెప్పు. లాగెటోనివి నువ్వు" అన్నాను.

"మంచిగున్నది" అన్నాడు బావ.

"అయితె మంచిగున్నట్టే" అన్నాను.

తూర్పుకు తిరిగిన ఇల్లు

వారం తర్వాత డాట్, కెవిన్ బండిని ఒక బంధువుతో లాగించుకుని అడిలైడ్ తెచ్చారు. బావ దోస్తు తన అల్మరాలు ఇదివరకటి కన్నా గట్టిగా ఉన్నాయని సంతోషించాడు. ఎందుకు గట్టిగా ఉన్నాయో మేం చెప్పాం, అతను ఇంకా నవ్వాడు.

ఆ పొద్దున విమానాశ్రయం సంగతి సుగుణ రజితతో చెప్పేసింది. "మేం ఒడిబియ్యం తెచ్చినం రజితా. పారబోసిండ్రు." రజిత వదిన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇండియా దుకాణానికి పోయి బియ్యం, కుడుకలు, పసుపు తెచ్చారు.

ఒక చిక్కు మిగిలింది. ఒడిబియ్యం పుట్టింట్లో పోయాలి. సుగుణ దాన్ని లాయరులా తేల్చింది. "కాయితాలు రేపు గని రజిత పేరు మీదికి రావు. ఇయ్యాల దాక గిది అన్న చూసిపెట్టిన ఇల్లే. ఇయ్యాల గిదే పుట్టిల్లు."

ఒడి పట్టేవాళ్లు తూర్పు ముఖంగా కూర్చోవాలి, లోపల పడమటి ముఖంగా తప్ప కూర్చునే జాగా లేదు. బావ కారెక్కి ఇంటినే తిప్పి నిలబెట్టాడు. కూర్చునే మనిషి కోసం ఇల్లు తూర్పుకు తిరగడం నా జన్మలో చూస్తాననుకోలేదు. రజిత కొత్త చీరలో కూర్చుంది, పక్కన బావ మేం పెట్టిన బట్టల్లో. నేనూ సుగుణా కలిసి బియ్యం పోశాం. డాట్‌ను కూడా పిలిచి బొట్టు పెట్టింది సుగుణ. మొగుడి మోకాలు పోయింది గానీ మొగుడు ఉన్నాడు కదా, ముత్తైదువే అని తీర్మానం. డాట్ రెండు చేతులా బియ్యం పట్టుకుని చాలా జాగ్రత్తగా పోసింది, ఒక్క గింజ కింద పడనీయలేదు. నేను చాలా పోశాను కింద.

"పోయెటప్పుడు ఐదు పిడికిళ్లు పుట్టింట్ల పెట్టి పోవాలె గద వదినె. యాడ పెట్టాలె?" అని అడిగింది రజిత.

సుగుణ చుట్టూ చూసింది. రేపటి నుంచి ఇది రజిత ఇల్లే. "నీకు యాడ బుద్ధైతె ఆడ పెట్టు బిడ్డా" అంది.

ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు. మర్నాడు మాకు విమానం.

వరంగల్

వచ్చిన మూడో రోజు షెడ్డు తెరిచాను. తొర్రూరు నుంచి ఒక రైతు ట్రాలీ తెచ్చాడు, ఛాసిస్ పగిలిందేమో చూడమని. కింద పడుకుని, సుత్తె కోసం ఆస్ట్రేలియా పోయొచ్చిన సంచి దగ్గరికి లాక్కుని బోర్లించాను. సుత్తెతో పాటు పసుపు బియ్యం జలజలా నేల మీద పడ్డాయి. ఐదు పిడికిళ్లు ఉంటాయి.

రైతు వంగి చూశాడు. "ఏందన్నా గివి?"

"మా చెల్లె పుట్టింటికి వచ్చిపోయింది" అన్నాను.